కొత్త అరీనాలో మా నానమ్మ గొంతు

అక్టోబర్ 4, శనివారం

కొట్టానికి నిన్నటితో తాళం పడింది. ఊరంతా కొట్టమనే అంటారు గనక నేనూ అంటున్నాను. గోడ మీద ‘పోర్ట్ కెల్సో స్మారక అరీనా’ అని రాసి ఉందన్న సంగతి రంగులు వేసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. వీడ్కోలు సభకు వెళ్ళాను. పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు. డీనో మావయ్య మా వరుస ముందున్న ఇనుప స్తంభాన్ని కౌగలించుకుని వదల్లేదు. ఆ స్తంభం అడ్డం వల్లనే ఆయన ఎడమవైపు పడ్డ గోలు ఒక్కటి కూడా చూసిన పాపాన పోలేదు.

కొత్తది ఊరి నడిబొడ్డున, కోర్టు ఎదురుగా లేచింది. దాని పేరులో ఒక బీమా కంపెనీ ఉంది, ‘కేంద్రం’ అనే మాట ఉంది, ఐసు హాకీ మాత్రం లేదు. పదిహేడున ప్రారంభం.

మా తొమ్మిదో సెక్షన్ మొత్తం మందలాగా కొత్తదాంట్లో కూడా తొమ్మిదో సెక్షన్‌కే మారుతోంది. వేసవిలో సీట్లు ఎంచుకునే రోజున పటం బల్ల మీద పరిచి, చూపుడు వేలితో జాతికి దారి చూపించినవాణ్ణి నేనే. భూగోళశాస్త్రంలో పట్టా ఊరికే రాలేదు. (ప్రస్తుతం ఆ పట్టాతో పెంపుడు జంతువుల దుకాణంలో చేపల తొట్లను పరిపాలిస్తున్నాను. అది వేరే సంగతి.)

తొమ్మిదో సెక్షన్ అంటే ప్రత్యర్థుల పెనాల్టీ బోను వెనక. అక్కడ తప్ప మా నానమ్మ ఇంకెక్కడ కూర్చుంటుంది? ఎదుటి జట్టువాడు కర్ర అడ్డం పెట్టో, మోచేత్తో పొడిచో రెఫరీకి దొరికితే రెండు నిమిషాలు ఆ బోనులో కూర్చోవాలి. ఆ రెండు నిమిషాలూ ఇర్యా కోస్కెలా గారివి. అద్దాల మధ్య సందు దగ్గరికి వంగి ప్రవచనం మొదలుపెడుతుంది. బూతు ఒక్కటీ దొర్లదు. బూతులు చదువు రానివాళ్ళకి అంటుంది. తను చదివి వస్తుంది, వాడి ఊరి పత్రిక, వాడి బడి వార్తలు.

“ఏం నాయనా, లెక్కలు రెండోసారి కూడా పోయాయటగా?”

“మీ చెల్లెలు నీకంటే బాగా ఆడుతోందట. గురువారం పేపర్లో ఫోటో వేశారు. నీది వెయ్యలేదేం?”

తల తిప్పకూడదని వాడు పళ్ళు బిగబడతాడు. చివరికి తిప్పుతాడు. అందరూ తిప్పుతారు. కొట్టంలో రేకుల కప్పు, కంప్రెసర్ మోత, డీనో మావయ్య ఆవు గంట. మూడు వరుసలు దాటి ఆమె మాట ఎవరికీ చేరేది కాదు. ఆ మూడు వరుసలకీ మాత్రం ఆటకంటే అదే ముఖ్యం.

తాత పోయాక ఆమె గడప దాటేది హాకీకే. చర్చి మానేసింది. అక్కడ ఎదురు మాట్లాడనివ్వరట.

అక్టోబర్ 8, బుధవారం

ఎమిల్ గ్రోండాన్ మా కింద గదిలో దిగి నెల దాటింది. పదిహేడేళ్ళు. తలుపు పైకమ్మి తలకి కొట్టుకునేంత పొడవు. డిఫెన్స్ ఆడతాడు. పై ఊళ్ళ నుంచి మన లూన్స్ జట్టుకి (లూన్ అంటే మా సరస్సుల్లో తిరిగే నీటిపక్షి) ఆడ్డానికి వచ్చే కుర్రాళ్ళని ఇలా ఇళ్ళల్లో పెట్టుకోవడం ఈ ఊరి ఆచారం. నానమ్మ ఇంట్లో వీడెన్నోవాడో ఆమెకే గుర్తులేదు. కానీ యాలకుల రొట్టె చేసిన రోజు ఆఖరి ముక్క ఇప్పుడు వీడికి పోతోంది. ఆ ముక్క నేను పుట్టినప్పటి నుంచీ నాది. నాకేం బాధ లేదు.

వీడు రోజూ స్నానాల గదిలో దూరి, కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున వాళ్ళమ్మకి ఫోను చేస్తాడు. వాళ్ళమ్మ ఎక్కడో ఉత్తరాన సెయింట్ రోమాన్‌లో బడి బస్సు నడుపుతుంది. ఫ్రెంచి నాకు రాదు. ఏడుపు మాత్రం అర్థమవుతుంది.

ఇవాళ నేను నోరు తెరిచాను. “నానమ్మా, వీడు...”

“స్నానం చేస్తున్నాడు.”

“రోజుకి మూడుసార్లా?”

“శుభ్రమైన కుర్రాడు. నువ్వూ నేర్చుకో.”

అక్టోబర్ 13, సోమవారం

కృతజ్ఞతల పండుగ. టర్కీ కోడిలో ఒక పక్క ఎమిల్‌కి, రెండో పక్క మిగతా మానవజాతికి. నానమ్మ ప్రారంభం రోజు వచ్చే కార్వర్ ఫాల్స్ జట్టు మీద చదువు పూర్తి చేసింది. వాళ్ళ కెప్టెన్ డ్రైవింగు పరీక్ష తప్పాడట. నూతిలో నిధి దొరికినట్టుంది ఆమె మొహం.

అక్టోబర్ 16, గురువారం

రేపే. నిద్ర పట్టదు. పెద్దవాణ్ణి, పట్టభద్రుణ్ణి, అయినా పట్టదు.

అక్టోబర్ 18, శనివారం, ఉదయం

గెలిచాం. నాలుగు రెండు.

ఆ మాట రాసి పావుగంట కూర్చున్నాను. వరుసగా రాస్తాను. వరుసగా రాస్తే ఎక్కడో ఒకచోట అర్థమవుతుందేమో.

కొత్తదాంట్లోకి అడుగు పెట్టగానే మొదటి దిగ్భ్రాంతి: వాసన లేదు. కొట్టంలో తరతరాల ఉల్లిపాయలు, తడిసిన ఉన్ని, ఎవరిదో చుట్ట, అన్నీ కలిసి తలుపు దగ్గరే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేవి. ఇక్కడ కొత్త కారు వాసన. సీట్లకి మెత్తలు. డీనో మావయ్య కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

“ఇంత మెత్తగా ఉంటే కోపం ఎలా వస్తుందిరా?”

“ప్రయత్నిస్తే వస్తుంది మావయ్యా.”

అంతలో ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. స్తంభం లేదు కదా, చూపు ఎడమవైపు చివరిదాకా పోయింది. “హన్నూ! అక్కడ కూడా ఒక గోల్ ఉందిరా!”

మగవాళ్ళ మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి చిన్నబోయి కూర్చున్నాడు. కొట్టంలో అందరికీ కలిపి ఒకటే పొడుగాటి తొట్టి. ఊరి రాజకీయం అంతా అక్కడే నడిచేది. ఇక్కడ మనిషికో గోడట. “ఎవరితో మాట్లాడాలో తెలియలేదు,” అన్నాడు. బీరు ధర రాయను. డైరీకి గుండె జబ్బు వస్తుంది. జున్నూ గ్రేవీ వేసిన మామూలు పూటీన్ లేదు, వేయించిన బంగాళాదుంపల మీద బాతు మాంసం ఉంది. బాతు మా జట్టు పక్షికి దూరపు చుట్టం, నేను తినలేదు.

దీపాలు ఆరాయి. పొగ వచ్చింది. పైకప్పు నుంచి గదంత లూన్ పక్షి రెక్కలు ఆడిస్తూ దిగింది. సగం దిగి, ఒక రెక్క కొట్టుకుంటుంటే రెండోది బిగుసుకుపోయి ఆగింది. సగం ఆట దాకా ఐసు నడిమధ్య పైన అలాగే వేలాడింది, పక్షవాతం వచ్చిన దేవదూతలాగా.

అన్నిటికంటే పెద్ద దిగ్భ్రాంతి నిశ్శబ్దం. ఐదు వేల మంది ఉన్నారు. చప్పట్లు కొట్టమని పెద్ద తెర ఆజ్ఞాపిస్తే కొడుతున్నారు, తెర ఆరితే ఆపుతున్నారు. ఐసు మీద స్కేటు గీసుకుపోయే చప్పుడు, కోచ్ దగ్గు, పక్కవాడు బాతు నమలడం, అన్నీ వినపడుతున్నాయి. డీనో మావయ్య గంట ఒక్కసారి మోగించాడు. వరసగా ఇరవై తలలు వెనక్కి తిరిగాయి. గంట ఒళ్ళో పెట్టుకున్నాడు.

మొదటి భాగంలోనే ఎమిల్ ఒకడికి కర్ర అడ్డం పెట్టి పడేశాడు. పెనాల్టీ. మామూలుగా ఉసూరుమని కూర్చున్నాం. మనవాడు మన బోనులోకి పోతాడు, టైంకీపర్ బల్లకి అవతల.

వాడు మా వైపు వస్తున్నాడు.

మా ముందున్న తలుపు తెరుచుకుంది. ఎమిల్ వచ్చి మా కాళ్ళ ముందు కూర్చున్నాడు.

“హన్నూ,” అన్నాడు డీనో మావయ్య చాలా నెమ్మదిగా. “పటం.”

“ఆగు మావయ్యా.”

“ఏం ఆగను? పటం తలకిందులుగా పట్టుకున్నావా?”

ప్రత్యర్థుల బోను బల్లకి అవతల ఉంది. పది సీట్ల దూరం. దాని వెనక ఏదో కంపెనీవాళ్ళు మెడలో తుండుగుడ్డలు కట్టుకుని రొయ్యలు తింటున్నారు. మేము, తొమ్మిదో సెక్షన్ వీరులం, సొంత జట్టు బోను వెనక కొలువై ఉన్నాం. (పటంలో తప్పు ఉంది. అవతలివైపు నుంచి చూస్తున్నట్టు గీశారు. ఎవరైనా పొరబడతారు.)

అదైనా నవ్వుకుని మర్చిపోయేదే. కానీ క్లబ్బువాళ్ళు ముందే ఏర్పాటు చేసుకున్నారట, మొదటి పెనాల్టీకి తెర మీద ఆమెని చూపించాలని. మైకు గొంతు చించుకుంది: “మన తొమ్మిదో సెక్షన్ నానమ్మ!” పెద్ద తెర నిండా మా నానమ్మ మొహం, ఒక్కొక్క ముడత కాలవంత. తెర చప్పట్లు కొట్టమంది, కొట్టారు. ఆపమంది, ఆపారు. ఐదు వేల మంది చెవులు రిక్కించారు. బోనులో ఎమిల్.

ఆమె లేచింది. వద్దని నేను చెయ్యి పట్టుకున్నానా? పట్టుకున్నాననే అనుకుంటున్నాను.

“ఎమిల్,” అంది. “తడి తువ్వాలు మళ్ళీ మంచం మీద పడేశావు.”

హాలంతా నవ్వింది. నా జన్మలో మూడు వరుసలు నవ్వడం చూశాను. ఐదు వేల మంది నవ్వితే ఎలా ఉంటుందో ఆమెకీ అదే మొదటిసారి. వాడు కూడా నవ్వాడు, దంతాల రక్ష కనపడేట్టు.

“పొద్దున్నే ఎనిమిది గుడ్లు తింటావు. తొమ్మిదోది ఇవ్వనందుకా వాణ్ణి పడేశావు?”

ఇంకా పెద్ద నవ్వు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎదుటి జట్టు పిల్లల గురించైతే ఆమె చదివి తెలుసుకోవాలి. వీడి గురించి ఏదీ చదవక్కర్లేదు. అన్నీ నోటి చివరే ఉన్నాయి.

“రోజూ స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని అమ్మకి ఫోను చేసి ఏడిస్తే సరిపోదు నాయనా, కర్ర కింద పెట్టి ఆడాలి!”

అన్నిటికంటే పెద్ద నవ్వు అదే.

నేను ఎమిల్‌ని చూస్తున్నాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు, ఆపడం ఎలాగో తెలియనట్టు. తర్వాత ముందుకు తిరిగి, ఐసు కేసి చూస్తూ కూర్చున్నాడు. మెడ వెనక ఎర్రగా. ఎదురుగా కార్వర్ ఫాల్స్ బెంచీ మీద ఒకడు చేతి తొడుగు చెవి దగ్గర పెట్టుకుని, “హలో, అమ్మా?” అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. ఆ పక్కవాడు. ఆ భవనంలో అన్నీ వినపడతాయి.

నానమ్మ కూర్చుంది. “కొట్టంలో అయితే,” అని ఆగిపోయింది.

మిగతా ఆటలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. గెలిచాం.

అక్టోబర్ 19, ఆదివారం

ఎమిల్ ఇంటికి రాలేదు. జట్టులో స్నేహితుడి దగ్గర ఉన్నాడట. నానమ్మ గుడ్లు ఎనిమిదీ వేయించింది. నేను మూడు తిన్నాను.

అక్టోబర్ 20, సోమవారం

క్లబ్బు నుంచి ఒకామె వచ్చింది. ఆమె ఉద్యోగం పేరు ‘అతిథుల అనుభూతి అధికారి’. నవ్వు రాలేదు. ఎమిల్ ఆమె వెనకాలే వచ్చి రెండు సంచులు, కర్రల కట్ట తీసుకున్నాడు. ఊరవతల పళ్ళ డాక్టరు ఇంట్లో పెడుతున్నారట.

నానమ్మ కింద మెట్టు దగ్గర నిలబడింది. చేతుల్లో మడత పెట్టిన చొక్కాలు.

“చొక్కాలు ఉతికి పెట్టాను,” అంది.

“థాంక్సండీ. అన్నిటికీ.”

అంత మర్యాదగా అనకపోయినా బాగుండేది.

అక్టోబర్ 22, బుధవారం

ఆ రెండు నిమిషాల వీడియో ఊరు దాటింది. చేపల తొట్లు తుడుస్తుంటే ఒక పెద్దమనిషి, “మీ నానమ్మ భలే నవ్వించింది!” అన్నాడు. ఇంకొకావిడ, “సిగ్గు లేదా ఆ ముసలామెకి?” అంది. ఇద్దరికీ ఒకే రకం చేపలు అమ్మాను.

కింద గది ప్రశాంతంగా ఉంది. చదువుకోవడానికి బాగుంటుంది. నాకు చదువుకోవాల్సిందేమీ లేదు.

అక్టోబర్ 25, శనివారం

నిన్న రెండో ఆట. నానమ్మ రాలేదు. కోటు వేసుకుంది, బూట్లు తొడుక్కుంది, మళ్ళీ విప్పింది.

ఈసారి వచ్చింది వేరే ఊరు, వేరే జట్టు. అయినా ఎమిల్ ఐసు మీదికి రాగానే వాళ్ళ బెంచీ మొత్తం చేతులు చెవుల దగ్గర పెట్టుకుంది. వీడియో మనకంటే వేగంగా ప్రయాణం చేస్తుంది. ఎమిల్ పక్ బిళ్ళ ఎక్కడుందో చూడ్డం మానేశాడు. ఆ చేతుల్నే చూస్తున్నాడు. రెండు గోల్స్ వాడి వైపు నుంచే పోయాయి. మూడో భాగంలో కోచ్ వాణ్ణి ఐసు మీదికి దింపలేదు.

డీనో మావయ్య బయటికి వస్తూ అన్నాడు. “ఇలాగే ఆడితే క్రిస్మస్‌కి ఇంటికి పంపేస్తారు. తిరిగి పిలవరు.”

అక్టోబర్ 26, ఆదివారం

పటం మళ్ళీ చూశాను. మూలన, ఏది ఎటువైపో చూపించే చిన్న బాణం గుర్తు ఉంది. ఉంటే ఉంది. ఎవరు చూస్తారు బాణాన్ని?

అక్టోబర్ 29, బుధవారం

ఎమిల్ దుకాణానికి వచ్చాడు. పళ్ళ డాక్టరు కూతురి బంగారు చేపకి మేత కావాలట. డబ్బా ఇచ్చాను. పోలేదు. తొట్టి ముందు వంగి నిలబడ్డాడు.

“ఇవి నిద్రపోతాయా?” అన్నాడు.

“కళ్ళు తెరుచుకునే పోతాయి.”

“నేనూ అంతే, ఈ మధ్య.”

“ఎలా ఉందిరా అక్కడ?”

“బాగుంది. ఈత కొలను ఉంది. నన్ను ఏమీ అడగరు.”

“మీ అమ్మ ఎలా ఉంది?” అనేశాను. మా ఇంటి రక్తం.

డబ్బా మూత తిప్పాడు. “మాట్లాడ్డం లేదు.”

“ఎప్పటి నుంచి?”

“ఆ రోజు నుంచి. ‘బాగున్నా, బిజీ’ అని మెసేజ్ పెడుతున్నా. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే చాలు హన్నూ, వాళ్ళే కనపడుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. అమ్మ గొంతు వినపడక ముందే పెట్టేస్తున్నా.”

ఏదో ఒక జోకు వెయ్యాలి. అదే కదా నా వృత్తి. చేపల కేసి చూశాను. అవీ నా కేసే చూశాయి.

అక్టోబర్ 30, గురువారం

నానమ్మకి చెప్పేశాను. పిండి కలుపుతోంది. విని, చేతులు కడుక్కోకుండానే కుర్చీలో కూర్చుంది.

“ఫోనే చెయ్యడం లేదా?”

“లేదు.”

“వాళ్ళమ్మకి ఎందుకో తెలుసా?”

“తెలియదు. బిజీ అనుకుంటోంది.”

పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది. “నేను వాడి దగ్గర్నుంచి లాగేసుకుంది ఆట ఒక్కటే కాదన్నమాట, వాళ్ళమ్మని కూడా.”

చెయ్యి కడుక్కుని, గోడ ఫోను దగ్గరికి వెళ్ళింది. నన్ను బయటికి పొమ్మనలేదు కాబట్టి గుమ్మంలోనే నిలబడ్డాను.

“గ్రోండాన్ గారా? ఇర్యా కోస్కెలాని, పోర్ట్ కెల్సో నుంచి... లేదు లేదు, దెబ్బలేం తగల్లేదు. తగిలింది నా వల్ల.” తర్వాత అంతా చెప్పింది. తువ్వాలు, గుడ్లు, కొళాయి. ఐదు వేల మంది సంగతి కూడా. కొట్టంలో అయితే ఎవరికీ వినపడేది కాదన్న మాట మాత్రం వాడలేదు. పటం గురించి కూడా చెప్పలేదు, చెప్పి ఉండవచ్చు.

తర్వాత చాలాసేపు విన్నది. ఫోనులోంచి గొంతు గుమ్మందాకా వచ్చింది. “అవును,” అంది నానమ్మ. “అవును. అవునమ్మా.”

నవంబర్ 8, శనివారం

నిన్నటి సంగతి. మధ్యాహ్నం ఒక మంచుపట్టిన కారు మా ఇంటి ముందు ఆగింది. జోస్లిన్ గ్రోండాన్. పొట్టి మనిషి, నడుము మీద చేతులు. కొడుక్కి చెప్పకుండా వచ్చింది.

“మీరేనా?”

“నేనే. కాఫీ కాచాను.”

“కాఫీ తర్వాత.” కోటు విప్పకుండానే నిలబడింది. “ఇర్యాగారూ, వాడు నా దగ్గర ఏడిస్తే ఏడవకురా అని నేనెప్పుడూ అనలేదు. వాడికి ఈ లోకంలో ఏడవడానికి ఒక్క చోటుండేది. మీరు దాని తలుపు తీసి ఊరందరికీ చూపించారు.”

“అవును.”

“ఎందుకు?”

“నవ్వారు కాబట్టి,” అంది నానమ్మ. “నవ్వుతుంటే ఆగలేకపోయాను.”

“అసలు ఆ పటం తలకిందు...” అన్నాను నేను.

“నోరు ముయ్యి,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తర్వాత కాఫీ తాగారు. నానమ్మ తన టికెట్ తీసి జోస్లిన్‌గారి ముందు పెట్టింది. “నేను రాను. నా మొహం కనపడితే వాడు ఆడలేడు. మీరు కూర్చోండి.”

రోజ్‌బే జట్టుతో ఆట. జోస్లిన్‌గారు నానమ్మ సీట్లో కోటు మెడదాకా బిగించి కూర్చుంది. ఎమిల్ చూడలేదు, వాడు ఇప్పుడు జనం వైపు చూడ్డం మానేశాడు. రోజ్‌బే వాళ్ళలో ఒక ఎర్రగడ్డం వాడు ఉన్నాడు. ఎమిల్ దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి చెవికి. ఒకటి, రెండు, ఇక లెక్కపెట్టలేదు. మూడో భాగంలో ఎమిల్ వాడి చొక్కా పట్టుకుని లాగాడు. పెనాల్టీ. మా ముందు తలుపు తెరుచుకుంది, ఎమిల్ వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. పెద్ద తెర మా జోలికి రాలేదు. బుద్ధి వచ్చింది దానికి.

ఎర్రగడ్డం అద్దం ముందు నుంచి నెమ్మదిగా జారుతూ వచ్చాడు, చెయ్యి చెవి దగ్గరే. “హలో, అమ్మా?”

జోస్లిన్‌గారు లేచింది. డీనో మావయ్య శిలువ గుర్తు వేసుకున్నాడు.

“ఎమిల్.”

వాడు గిరుక్కున తిరిగాడు. ఆ మొహం ఎలా రాయాలో నాకు తెలియదు. ఆమె అద్దాల సందు దగ్గరికి వంగి ఫ్రెంచిలో ఒక్క మాట అంది. డీనో మావయ్య కాగితం మిల్లులో జీవితమంతా ఫ్రెంచివాళ్ళతో పనిచేశాడు.

“ఏమంది?”

“చిక్కిపోయావు అంది.”

“అంతేనా?”

“ఇంకేం కావాల్రా?”

తర్వాత ఆమె నిటారుగా నిలబడి, నలభై మంది పిల్లల్ని బస్సు అద్దంలోంచే అదుపులో పెట్టే గొంతుతో అద్దం అవతలికి పిలిచింది. “ఇదిగో బాబూ, ఎర్రగడ్డం! మీ అమ్మ బాగుందా?”

అద్దం ముందే ఆగిపోయిన ఎర్రగడ్డం బిక్కచచ్చిపోయాడు. “బాగుందండీ.”

“ఎప్పుడు మాట్లాడావు?”

“... ఆదివారమండీ.”

“ఇవాళ శుక్రవారం.”

చెవి దగ్గరి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. “చేస్తానండీ,” అన్నాడు.

ప్రతి మాటా పైవరుస దాకా వినపడింది. తర్వాత ఆ హాలు గర్జించింది. తెర ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. రొయ్యలవాళ్ళు తుండుగుడ్డలు ఊపారు. డీనో మావయ్య గంట ఊడిపోయేట్టు మోగించాడు, ఒక్క తలా వెనక్కి తిరగలేదు. బోనులో ఎమిల్ చేతి తొడుగుతో మొహం తుడుచుకుంటున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో, అది వాడిష్టం.

ఓడిపోయాం. మూడు రెండు.

నవంబర్ 9, ఆదివారం

జోస్లిన్‌గారు రెండు రాత్రులు మా కింద గదిలోనే పడుకుంది. ఇవాళ బయల్దేరే ముందు ఎమిల్‌ని భోజనానికి పిలిచింది. మా ఇంటికి వాణ్ణి ఆమె పిలవడం! వచ్చాడు. బూట్లు విప్పి, గుమ్మం దగ్గర అతిథిలాగా నిలబడ్డాడు.

చేపల పులుసు, రొట్టె, బంగాళాదుంపలు. అందరూ వాతావరణం గురించే మాట్లాడారు. చివరికి నానమ్మ చెంచా కింద పెట్టింది.

“ఎమిల్, తప్పు చేశాను.”

వాడు తలూపాడు. నమలడం ఆపలేదు.

“గది అలాగే ఉంది,” అంది.

“నేను డాక్టరుగారింట్లోనే ఉంటానండీ.”

“మంచిది.”

మంచిది అన్నప్పుడు ఆమె రొట్టె కోస్తోంది. కత్తి కాస్త ఆగింది. అంతే. జోస్లిన్‌గారు కొడుకుని ఏమీ అనలేదు, నానమ్మనీ ఓదార్చలేదు. నాకు ఏదో అడ్డుపడి మాట్లాడాలనిపించింది. పులుసు తాగాను.

వాళ్ళమ్మ కారు వేడెక్కించడానికి బయటికి వెళ్ళింది. వాడు బూట్లు తొడుక్కుంటూ, తాళ్ళ కేసే చూస్తూ అన్నాడు. “శుక్రవారం కార్వర్ ఫాల్స్ వాళ్ళు మళ్ళీ వస్తున్నారు.”

“తెలుసు.”

“రండి.”

“వచ్చి ఏం చెయ్యనురా? నోరు మూసుకుని కూర్చోవడం నాకు రాదు. ఇంట్లో అయితే గోడలతో మాట్లాడుకుంటాను.”

“మూసుకోమనలేదు. వాళ్ళకి చెప్పండి.”

“వాళ్ళ బోను బల్లకి అవతల కదా. అంత దూరం ఎవరికి వినపడుతుంది?”

ఎమిల్ లేచి నిలబడ్డాడు, తలుపు పైకమ్మి తగలకుండా తల వంచి. మొదటిసారి ఆమెని సూటిగా చూశాడు.

“వినపడుతుంది నానమ్మా,” అన్నాడు. “నాకు తెలుసు.”